వైర్లు: బాగున్నాయి

ఆ కారు నిలబడి ఉన్నప్పుడు వణికేది కాదు. నెమ్మదిగా పోతున్నప్పుడూ వణికేది కాదు. మూడో గేరులో, ముప్పై ముప్పై అయిదు వేగం దగ్గర యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే మాత్రం ముందు ఒక కుదుపు వచ్చేది. ఆ వెంటనే చలిజ్వరం పట్టినట్టు బండి మొత్తం వణికేది. కాలు తీసేస్తే ఆగిపోయేది. నోటుబుక్కులో ఒక పేజీకి మధ్యలో గీత గీసి, ఒక పక్క 'ఎప్పుడు వణుకుతుంది', రెండో పక్క 'ఎప్పుడు వణకదు' అని రాసుకున్నాను. రోగం పేరు ముందే అనుకోకూడదు, లక్షణాలు ముందు రాయాలి అని పాలిటెక్నిక్‌లో మాకు నేర్పారు.

కారు నాది కాదు. భిలాయి సెక్టర్ 4లో ఉండే ఒక పెద్దాయనది. ఆయన్ని బాబాయ్ అనీ, ఆయన భార్యని పిన్ని అనీ పిలిచేవాణ్ణి గాని మా మధ్య చుట్టరికం ఏమీ లేదు. ఆయనది శ్రీకాకుళం వైపు. అక్కడి ఉక్కు ప్లాంటులో క్రేన్లు మరమ్మతు చేసే ఫిట్టరుగా చేరి, అక్కడే పెద్దవాడై, ఆ అక్టోబరు ఆఖరున రిటైరయ్యారు.

అవి తొంభైల మధ్య సంవత్సరాలు. నాకు ఇరవై మూడేళ్ళు. విజయనగరంలో డిప్లొమా పూర్తిచేసి, ప్లాంటుకి గేర్లు తయారుచేసి పంపే ఒక చిన్న కంపెనీలో ఇన్‌స్పెక్టరుగా చేరాను. తయారైన గేరుని కొలిచి, కాగితం మీద కొలతలు రాసి, కింద 'పాస్' అనో 'ఫెయిల్' అనో సంతకం పెట్టడం నా పని. ఆ పనికి మాట్లాడనక్కర్లేదు. క్యాంప్ 2 అనే బస్తీలో ఒక గది అద్దెకి తీసుకున్నాను. ఇంటివాళ్ళకి తెలుగు రాదు, నాకు హిందీ సరిగ్గా రాదు. పంపు నీళ్ళ దగ్గర 'హా', 'నహీ', 'బస్' అనే మూడు మాటలతో నెలలు గడిచాయి. ఒకసారి సోమవారం నుంచి శనివారం దాకా ఎన్ని తెలుగు మాటలు పైకి అన్నానో లెక్కపెట్టాలని చూశాను. వేలికి సుత్తి తగిలినప్పుడు అన్న ఒక్క 'అమ్మా' తప్ప ఏదీ దొరకలేదు.

వాళ్ళు నాకు సెక్టర్ 4 కూరగాయల మార్కెట్టులో దొరికారు. వంకాయల కుప్ప దగ్గర నిలబడి ఒకావిడ భర్తతో అంటోంది, "అన్నీ పుచ్చులే. ఆడు సూడు, మంచియి పైన పేర్చి పుచ్చులు కింద నుంచి ఏస్తన్నాడు."

"అవునండి, నిన్న నేను కొన్నవీ పుచ్చులే," అన్నాను, అనుకోకుండా.

ఆవిడ గిరుక్కున తిరిగింది. "నువ్వు మనోడివేటి? ఏ ఊరు బాబూ? ఎక్కడ తింతన్నావు?"

మూడో ప్రశ్నకి నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. దాంతో ఆ ఆదివారం మధ్యాహ్నం వాళ్ళింట్లో భోంచేశాను. తరవాత ప్రతి ఆదివారమూ అక్కడే. వాళ్ళ కూతుళ్ళిద్దరూ పెళ్ళిళ్ళై ఒకరు బిలాస్‌పూర్‌లో, ఒకరు నాగపూర్‌లో ఉన్నారు. అక్కడే పుట్టి పెరిగినవాళ్ళు కాబట్టి వాళ్ళకి తెలుగుకన్నా హిందీ బాగా వచ్చు. "మా గుంటలకి తెలుగు నేదు, ఈడికి హిందీ నేదు," అనేవారు బాబాయ్, నాకు అన్నం వడ్డించమని సైగ చేస్తూ. "అందర్నీ కలిపి కొలిమిలో ఏస్తే ఒక పూర్తి మడిసి ఒస్తాడు."

సెప్టెంబరులో విశ్వకర్మ పూజ వస్తుంది. భిలాయిలో అది ఎంత పెద్ద పండగో ఊరు చూడనివాళ్ళకి చెప్పడం కష్టం. వారం ముందు నుంచీ ప్రతి వర్క్‌షాపులోనూ యంత్రాలు కడుగుతారు, తుడుస్తారు, రంగులు వేస్తారు. పండగనాడు వాటికి దండలు వేసి బొట్లు పెడతారు. వెండిలా మెరిసే అల్యూమినియం పెయింటు ఆ రోజుల్లో ఊరంతా వాసన వేసేది. దేనికి రంగు వేయకూడదు అన్న ఆలోచన ఎవరికీ రాదు. కదలని ప్రతి వస్తువుకీ వేస్తారు, కదిలేది కాసేపు ఆగితే దానికీ వేస్తారు.

"ప్లాంటులో నా క్రేను పెళ్ళికూతురునాగుంది," అన్నారు బాబాయ్ ఆ ముందు ఆదివారం. "ఇంటికాడ నా బండేమో బొగ్గు బస్తా. విశ్వకర్మ సూస్తే ఏటనుకుంటాడు?"

మర్నాడు మా ఫోర్‌మన్‌ని అడిగి, డబ్బా అడుగున మిగిలిన పెయింటు తెచ్చాను. బానెట్ ఎత్తి, అంగుళం బ్రష్షుతో లోపల రేకులకి, ఎయిర్ ఫిల్టరు మూతకి, బ్యాటరీ పెట్టే తొట్టికి వేశాను. అంతా వెండిలా అయింది. మధ్యలో ఇంజను మీదుగా పోయే నాలుగు లావుపాటి నల్లటి వైర్లూ, అవి బయల్దేరే, ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూతా మాత్రం నల్లగా, దిష్టిచుక్కల్లా మిగిలాయి. డబ్బాలో ఇంకా పెయింటుంది.

"వైర్ల మీద ఎయ్యొచ్చేటి?" అన్నారు బాబాయ్.

"ఏటీ అవదు బాబాయ్. పైన రబ్బరే కదా."

"ఇంజినీరు సెప్పినాక ఇంకేటుంది. కానియ్."

వైర్లకీ, మూతకీ వేశాను. పండగనాడు ఆయన బానెట్ ఎత్తి ఉంచి, పక్క క్వార్టర్లవాళ్ళని ఒక్కొక్కరినే పిలిచి చూపించారు. "మా ఇంజినీరు ఏసినాడు," అని వాళ్ళకి తెలుగులోనే చెప్పారు. కొబ్బరికాయ కొట్టి, సగం చిప్ప నా చేతిలో పెట్టారు. ఆ ఊళ్ళో నన్ను 'మా' అని ఎవరైనా అనడం అదే మొదటిసారి.

వణుకు అప్పుడు మొదలవలేదు. అదే నన్ను దారి తప్పించింది. బండి అక్టోబరంతా శుభ్రంగా నడిచింది. నవంబరులో, పొద్దున పూట మంచు పడడం మొదలయ్యాక వణికింది.

అప్పటికి బాబాయ్ రిటైరై నెల కాలేదు. నవంబరు ఆఖరుకి క్వార్టరు తాళాలు అప్పగించాలి. విజయనగరం దగ్గర చిన్న ఇల్లు కట్టుకున్నారు. సామాను లారీలో పంపి, తామిద్దరూ కారులో వెళ్ళాలన్నది ఆయన పట్టుదల. జగదల్‌పూర్ మీదుగా, కొరాపుట్ దాటి, సాలూరు ఘాటీ దిగాలి. పిన్నికి అది ఇష్టం లేదు. "రైలు లేదేటి, హాయిగా పడుకొని ఎల్లొచ్చు," అనేది.

"ముప్పై రెండేళ్ళ కిందట రేకు పెట్టె నెత్తిన పెట్టుకొని, రైల్లో ఒంటికాలి మీద నిలబడి ఒచ్చినాను," అనేవారు ఆయన. "ఎల్లినప్పుడు నా బండిలో కూకొని, నేనే తోలుకొని ఎల్తాను. ఒక్కసారే కదే, మళ్ళీ మళ్ళీ రిటైరవుతానేటి?"

అయితే చదును రోడ్డు మీదే వణికే బండి ఘాట్లు ఎలా ఎక్కుతుంది? పక్కనే ఉన్న దుర్గ్‌లో ఒకాయన కారు కొంటానన్నాడు. నాలుగో వారంలోగా బాగుపడకపోతే అతనికిచ్చేసి రైలెక్కడమే అని పిన్ని గడువు పెట్టింది.

ముందు పవర్‌హౌస్ అనే బజారు సెంటరులో ఒక మెకానిక్‌కి చూపించాం. అతను బానెట్ ఎత్తి ఇంజనుని చేత్తో ఒక్కసారి ఊపి, "ఫౌండేషన్ గయా," అన్నాడు. ఇంజను కింద ఉండే రబ్బరు దిమ్మలు పోయాయన్నమాట, వాటిని అక్కడ ఫౌండేషన్ అంటారు. మార్పించాం. తిరిగి వస్తూ రైల్వే బ్రిడ్జి ఎక్కుతుంటే బండి మళ్ళీ వణికింది.

"బండి కాదేమో. నీ కాలే వణుకుతోందేమో సూసుకో, రిటైరైనోడివి," అంది పిన్ని వెనక సీట్లోంచి.

ఆయన నవ్వలేదు. నా వైపు చూసి, "నువ్వు సూడు ఇంజినీరూ. బయటోళ్ళొద్దు," అన్నారు.

ఆ సాయంత్రం గదికి వచ్చి కారణాల జాబితా రాశాను. పదకొండు వచ్చాయి. పెట్రోలులో చెత్త, పంపు బలహీనం కావడం, కార్బ్యురేటర్‌లో సన్నటి రంధ్రాలు పూడుకోవడం, ఎక్కడో గాలి పీల్చడం, స్పార్క్ ప్లగ్గులు, వైర్లు, క్లచ్చి, ఇలా. ఒక్కోదానికి ఒక్కో పరీక్ష, ఒక్కో పరీక్షకి ఒక్కో సాయంత్రం. ఒకేసారి రెండు మార్చకూడదు, మారిస్తే ఏది బాగుచేసిందో తెలియదు. షిఫ్టు అయ్యాక సైకిలు మీద సెక్టర్ 4 వెళ్ళేవాణ్ణి. పని పూర్తిచేసి, బాబాయ్ పక్కన కూర్చుని ఊరి చివర మరోదా రోడ్డు దాకా వెళ్ళి పరీక్షించి, తిరిగి వచ్చి అక్కడే భోంచేసేవాణ్ణి. వారానికి ఒక్క ఆదివారం ఉన్నవాడికి రోజూ ఆదివారమైంది.

ఆరో అంశం వైర్లు. బానెట్ ఎత్తి చూశాను. వెండిలా తళతళలాడుతున్నాయి. ఎక్కడా పగులు లేదు. 'వైర్లు: బాగున్నాయి' అని రాసి టిక్కు పెట్టాను. కంపెనీలో గేరుని మైక్రోమీటరుతో మూడు చోట్ల కొలవకుండా సంతకం పెట్టనివాణ్ణి. ఇక్కడ నేను వేసిన రంగుని నేనే చూసి పాస్ చేశాను.

పదకొండూ అయిపోయాయి. బండి వణుకుతూనే ఉంది.

నాలుగో వారం మంగళవారం, సెలవు పెట్టి తెల్లవారకముందే వెళ్ళాను. చల్లగా ఉన్నప్పుడు ఇంజను ఎలా ఉంటుందో చూడలేదని గుర్తొచ్చింది. మంచు దట్టంగా ఉంది. వీధి దీపం అవతలి మలుపులో ఎక్కడో ఉంది. బాబాయ్ తాళం చెవి ఇచ్చి స్నానానికి వెళ్ళారు. ఇంజను స్టార్ట్ చేసి, చీకట్లోనే బానెట్ ఎత్తి, యాక్సిలరేటర్ తీగని వేలితో గట్టిగా లాగాను.

వైర్ల మీద నీలం రంగు దారాలు పాకాయి. చీమల బారులా, వైరు పొడుగునా, మూత చుట్టూ, టిక్ టిక్ టిక్ అంటూ. వేలు వదిలాను. పోయాయి. మళ్ళీ లాగాను. మళ్ళీ వచ్చాయి.

కారణం అక్కడే నిలబడి అర్థం చేసుకున్నాను. ప్లగ్గు దాకా పోవలసిన కరెంటు చాలా ఎక్కువ వోల్టేజీతో పోతుంది. అల్యూమినియం పెయింటంటే వార్నిష్‌లో కలిపిన లోహపు పొడి. కొత్తలో వార్నిష్ ఆ పొడిని విడివిడిగా ఉంచింది. ఇంజను వేడికి రెండు నెలల్లో అది మాడిపోయి, లోహం పైకి తేలింది. దాని మీద మంచు చెమ్మ. యాక్సిలరేటర్ తొక్కినప్పుడే ఇంజను లోపల ఒత్తిడి పెరిగి, ప్లగ్గులో నిప్పురవ్వ దూకడం కష్టమవుతుంది. కష్టమైన దారి వదిలి కరెంటు నేను వేసిన వెండి దారిలో ఇంజను ఇనుములోకి పారిపోతోంది. నాలుగు సిలిండర్లలో ఒకటి, ఒక్కోసారి రెండు, మండకుండా పోతున్నాయి. అదే వణుకు. పేజీలో రెండు పక్కలా రాసుకున్నవన్నీ ఈ ఒక్క కారణంతో సరిపోయాయి. ఒక్కటి కూడా మిగల్లేదు.

బాబాయ్ తువ్వాలుతో తల తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చారు. "ఏటైనా దొరికిందేటి?"

నేను ఇంజను ఆపేశాను. "ఇంకా లేదు బాబాయ్," అన్నాను.

నేను వేసిన రంగు అని చెప్పడానికి సిగ్గుపడ్డాను, అది నిజమే. అయితే అది సగమే. కొత్త వైర్లు పవర్‌హౌస్ బజారులో దొరుకుతాయి, బిగించడానికి ఇరవై నిమిషాలు చాలు. ఇరవై నిమిషాల తరవాత బండి ఘాటీ ఎక్కుతుంది, వాళ్ళు వెళ్ళిపోతారు. బాగుపడకపోయినా రైల్లో వెళ్ళిపోతారు. అది తెలుసు. తెలిసినా, పిన్ని పెట్టిన గడువు తీరేదాకా సాయంత్రాలు మిగులుతాయి కదా అనిపించింది. ఇంతకన్నా మంచి కారణం నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

మంగళవారం సాయంత్రం పెట్రోలు పంపుని రెండోసారి విప్పి బిగించాను. బుధవారం బ్రేకులు పట్టేస్తున్నాయేమో అని నాలుగు చక్రాలూ ఎత్తి తిప్పాను. పట్టేయడం లేదని నాకు ముందే తెలుసు. గురువారం మరోదా చెరువు దాకా వెళ్ళాం. బాబాయ్ బండి ఆపి, టీ తాగుతూ, తను వచ్చిన కొత్తలో ఇక్కడ ఎండకి రేకుల షెడ్లలో ఎలా పడుకునేవాళ్ళో చెప్పారు. భాష రాక ఆరు నెలలు హోటల్లో చేత్తో చూపించి తిన్నానన్నారు.

"నీనాగే," అన్నారు. "అయితే నాకు అప్పుడు ఎవుడూ నేడు."

వెనక్కి వస్తుంటే బండి మూడుసార్లు వణికింది. మూడుసార్లూ ఆయన కాలు తీసి, స్టీరింగు మీద అరచేత్తో నిమిరారు. "రెండు రోజులు సూద్దాం. నేకపోతే ఒగ్గీద్దాం. నీ తప్పు కాదులే."

శుక్రవారం నేను వెళ్ళేసరికి ఆయన కారు లోపల కూర్చుని తడిగుడ్డతో డాష్‌బోర్డు తుడుస్తున్నారు. అక్కడ అతికించి ఉండే సింహాద్రి అప్పన్న పటం లేదు. ఆయన చొక్కా జేబులోంచి దాని అంచు కనిపిస్తోంది.

"రేపొద్దున దుర్గ్ ఆయన ఒస్తాడట," అంది పిన్ని గుమ్మంలోంచి. "టిక్కెట్లు సెప్పీసినాం."

రైలుకి ఒప్పుకోనందుకు రోజూ ఆయన్ని సాధించిన మనిషి గొంతులో సంతోషం లేదు.

"ఒక్క గంట ఆగండి," అని సైకిలు తిప్పాను.

పవర్‌హౌస్‌లో వైర్ల సెట్టు, మూత కొన్నాను. దుకాణం ముందు అవి నల్లగా ఉన్నాయో లేదో వెలుతురులో తిప్పి చూసుకున్నాను. తిరిగి వచ్చి బిగించాను. బాబాయ్‌ని తోలమన్నాను. రైల్వే బ్రిడ్జి దగ్గర మూడో గేరులో, "పూర్తిగా తొక్కండి," అన్నాను. తొక్కారు. బండి నూనె రాసిన పట్టా మీద జారినట్టు పైకి పోయింది. ఆయన బ్రిడ్జి దిగి, చుట్టూ తిరిగి వచ్చి, మళ్ళీ ఎక్కారు. మూడోసారి కూడా ఎక్కారు.

ఇంటి ముందు ఆపి, బానెట్ ఎత్తి చూశారు. తరవాత నేల మీద పడి ఉన్న పాత వైరుని తీసుకుని గోటితో గీకారు. వెండి పొట్టు రాలింది.

"ఇది నువ్వేసిన రంగు కదేటి."

"అవును బాబాయ్."

"ఎప్పుడు తెలిసింది?"

'ఇవాళే' అనడానికి నోరు తెరిచాను. ఆయన జేబులో పటం అంచు ఇంకా కనిపిస్తోంది. "మంగళవారం పొద్దున," అన్నాను.

ఆయన వైరుని చుట్టగా చుట్టారు. విప్పారు. మళ్ళీ చుట్టారు. ఎందుకు చెప్పలేదని అడుగుతారని ఎదురుచూశాను, జవాబు ఎలా మొదలుపెట్టాలో వెతుక్కుంటూ. ఆయన అడగలేదు. ఇంట్లోకి చూసి, "ఇదిగో, ఈడికి కూడా కలిపి ఒండు," అన్నారు.

"మూడ్రోజులు పెట్రోలు ఊరికే తగలేసినాడు ఈడు," అని అన్నం దగ్గర పిన్నితో చెప్పారు. ఆవిడ నా ముఖంలోకి ఒకసారి చూసి, కూర ఇంకో గరిటె వేసింది. దుర్గ్ ఆయనకి కబురు పంపారు. టిక్కెట్లు వద్దనేశారు.

లారీ వెళ్ళిన మర్నాడు వాళ్ళు బయల్దేరారు. రాయపూర్ దాటి ధమ్తరి రోడ్డు తగిలేదాకా నేనూ వెనక సీట్లో వెళ్ళాను, ఇంజను చప్పుడు వినాలన్న వంకతో. అక్కడ దిగి బస్సులో తిరిగి రావాలి. పిన్ని పులిహోర పొట్లం ఇచ్చి, గదికెళ్ళాక కాదు, బస్సులోనే తినమంది.

"ఏటి, సెక్ సేసీసినావా?" అన్నారు బాబాయ్ కిటికీలోంచి. "సంతకం పెట్టు మరి."

"పాస్, బాబాయ్."

కారు కదిలింది. నేను కళ్ళు మూసుకుని విన్నాను. ఒకటో గేరు. రెండు. కొంచెం విరామం, మూడు. ఆయన గట్టిగానే తొక్కారు. చప్పుడు ఎక్కడా తెగలేదు. నాలుగో గేరు వేశారో లేదో లారీల మోతలో తెలియలేదు.

ఇరవై రోజులకి పిన్ని చేతిరాతతో ఉత్తరం వచ్చింది. బండి ఎక్కడా వణకలేదట. ఘాటీ పైన ఆపి, బానెట్ ఎత్తి, టీ కొట్టు దగ్గరున్న లారీ డ్రైవర్లకి లోపలి వెండి రంగు చూపించారట. ఊళ్ళో మెకానిక్ ఆ రంగు గోకి తీసేస్తానంటే తిట్టి పంపేశారట. పాత వైరు ఒకటి ఇంట్లో మేకుకి తగిలించుకున్నారని, ఎందుకంటే చెప్పరని రాసింది. చివర్న, ఆదివారాలు ఏం చేస్తున్నావు, ఎక్కడ తింటున్నావు అని అడిగింది.

జవాబు ఆ వారమే మొదలుపెట్టాను. పని బాగుందనీ, ఒంట్లో బాగుందనీ, చలి ఎక్కువగా ఉందనీ వరసగా రాశాను. ఆ చివరి ప్రశ్న దగ్గర ఆగిపోయి, కాగితం మూడు రోజులు అలాగే ఉంచాను. చివరికి, ఆదివారాలు సెక్టర్ 4 మార్కెట్టుకి వెళ్తున్నాననీ, అక్కడ వంకాయలు ఇంకా పుచ్చులే వస్తున్నాయనీ రాసి పోస్టులో వేశాను.